గిరగిర మూత

తలమీద ఒక్క వెంట్రుక లేకపోయినా అతన్ని ఊరంతా వెంట్రుకవాసి మేస్త్రి అనేది. నీళ్ల మోటార్ల ఇరుసులు, మిల్లు రోలర్లు బాగుచేసే చిన్న లేత్ షెడ్డు అతనిది. ఏ ముక్క తిప్పినా మందం కొలిచే మైక్రోమీటర్ పెట్టి చూసి, "వెంట్రుకవాసి ఎక్కువైంది" అనో "వెంట్రుకవాసి తగ్గింది" అనో పక్కకు విసిరేవాడు. ఎదుటివాళ్లు ఎంత బతిమాలినా ఆ ముక్కను బిగించేవాడు కాదు. పని ఆలస్యమవుతుందని తిట్టుకునేవాళ్లు కూడా మళ్లీ అతని దగ్గరికే వచ్చేవాళ్లు.

అతని అక్కది అంబులెన్స్ కాల్ సెంటర్‌లో ఉద్యోగం. పన్నెండేళ్లుగా కిటికీ పక్కన అదే కుర్చీ. తనకంటే చిన్నవాళ్లు, పెద్దవాళ్లు, చివరికి సూపర్‌వైజర్ కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాళ్లు. ఫోన్ మోగినప్పుడు ఆమెకు భయం వేసేది కాదు. అవతల ఎంత గోలగా ఉన్నా ఆమె గొంతు నీళ్లు పోసినట్టు చల్లగా ఉండేది. బాధంతా ఫోన్ పెట్టేశాకే. అంబులెన్స్ వాళ్లు గుమ్మంలో అడుగుపెట్టగానే "వచ్చేశారండీ" అని అవతలివాళ్లు లైను కట్ చేస్తారు. ఆ మనిషి బతికాడో పోయాడో తర్వాత ఎవరూ చెప్పరు. అడగకూడదని రూలు కూడా ఉంది. చేసిన సాయానికి ముందు భాగమే చేతిలో ఉంటుంది, మిగతాది గాల్లో కలిసిపోతుంది. ఆ ఖాళీలో ఆమె వేళ్లు బొటనవేలి చుట్టూ ఉన్న చర్మాన్ని పీకడం మొదలుపెట్టేవి. రక్తం వచ్చేదాకా ఆగేవి కావు.

ఒక సెలవురోజు షెడ్డుకు వచ్చినప్పుడు తమ్ముడు ఆ వేళ్లు చూశాడు.

"ఏంటక్కా ఇది? ఎలక కొరికినట్టుంది."

"నా వేళ్లు, నా పళ్లు. నీకెందుకురా?"

ఆమె వెళ్లాక అతను పాత సామాన్ల డబ్బాలోంచి నాలుగు చిన్న బేరింగులు ఏరాడు. కిరోసిన్‌లో నానబెట్టి, లోపలి గ్రీజంతా కడిగి, ఊదితే తిరిగేంత తేలిక చేశాడు. అల్యూమినియం రేకును మూడు రెక్కలుగా కోసి, ఒక్కో రెక్క చివర ఒక్కో బేరింగు బరువు కోసం బిగించాడు. నాలుగోది నడిమధ్య పెట్టాడు. తెల్లటి నైలాన్ కడ్డీని లేత్ మీద తిప్పి, పొట్టి కాడతో పుట్టగొడుగుల్లాంటి రెండు చిన్న మూతలు తీశాడు. పైన వేలి కోసం ఒకటి, కింద బొటనవేలి కోసం ఒకటి. వాటి కాడలను మధ్య బేరింగు బెజ్జంలోకి సుత్తితో కొట్టి దింపాడు.

మర్నాడు దాన్ని అక్క చేతిలో పెట్టాడు.

"ఇది దేనికిరా?"

"దేనికీ కాదు. తిప్పు."

ఆమె తిప్పింది. రెక్కలు మాయమై గుండ్రటి వెలుగు మిగిలింది. వేళ్ల మధ్య సన్నటి వణుకు, చెవికి తుమ్మెద రొద. ఒకటిన్నర నిమిషం తిరిగి మెల్లగా ఆగింది. ఆగగానే ఆమె మళ్లీ తిప్పింది. దానికి గిరగిర అని పేరు కూడా ఆమే పెట్టింది.

ఆ నెలలో ఆమె వేళ్లు మానాయి.

ముందు అడిగింది అంబులెన్స్ డ్రైవరు. మనిషి మంచివాడే కానీ సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. "అక్కా, నాకూ ఒకటి చేసిపెట్టమనవా మీ తమ్ముణ్ని? పెట్టె తీసే చెయ్యికి ఏదో ఒక పని కావాలి" అన్నాడు. మేస్త్రి చేసిచ్చాడు. డ్రైవరు సిగరెట్ మానేశాడు. డ్రైవరు చేతిలో చూసి కాల్ సెంటర్ వాళ్లు, వాళ్ల పిల్లల చేతుల్లో చూసి ఒక బడి పంతులమ్మ అడిగారు. పంతులమ్మ క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. లేచి పాఠం చదవమంటే నోరు పెగిలేది కాదు, చెమటలు పట్టేసేవి. బల్ల కింద గిరగిర తిప్పుతూ మొదటిసారి పేజీ మొత్తం చదివిందట. ఆ మాట విన్న రోజు మేస్త్రి రెండుసార్లు ఈల వేశాడని పక్క షెడ్డువాళ్లు చెప్పుకున్నారు.

తర్వాత బజారులోని పుస్తకాల షాపాయన వచ్చి, తన షాపులో అమ్ముతానని వందలకొద్దీ అడిగాడు. అక్కడినుంచి కథ మేస్త్రి చెయ్యి దాటింది. ఇరుసులు, రోలర్లు మూలన పడ్డాయి. పొద్దున లేస్తే మూతలు, సాయంత్రందాకా మూతలు. బొమ్మ ఎంత పేరు తెచ్చుకుందంటే, నెల తిరక్కుండానే రంగురంగుల ప్లాస్టిక్ నకళ్లు రోడ్డు పక్కన గుట్టలుగా పోసి అమ్మడం మొదలైంది. వాటి మూతలు కూడా తెల్లవే, జిగురుతో అంటించినవి.

"అంటిస్తారా ఎక్కడైనా! సిగ్గులేదూ!" అని మేస్త్రి చిరాకుపడ్డాడు.

చిరాకులు వేరేచోట్ల కూడా మొదలయ్యాయి. బడిలో పిల్లలు పాఠం మానేసి ఎవరిది ఎక్కువసేపు తిరుగుతుందా అని పందాలు వేసుకుంటున్నారని హెడ్‌మాస్టర్ విసుక్కున్నాడు. కాల్ సెంటర్‌లో సూపర్‌వైజర్ ఒక మధ్యాహ్నం అక్కను తన గదిలోకి పిలిచి రికార్డింగ్ వినిపించాడు.

"ఈ రొద వింటున్నారా? మీ బొమ్మదే. సరే, అది వదిలేద్దాం. ఇక్కడ వినండి. అవతలాయన ఇంటి నంబరు స్పష్టంగా చెప్పాడు. మీరు మళ్లీ అడిగారు. పన్నెండేళ్లలో మీరు నంబరు రెండోసారి అడగడం నేనెప్పుడూ వినలేదక్కా. ఆ పది సెకన్లు మీ కళ్లు ఎక్కడున్నాయి?"

ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. గుండ్రటి వెలుగు మీద ఉన్నాయి. తలవంచుకుని బయటికి వచ్చి, గిరగిరను సొరుగులో పెట్టేసింది. టీ తాగే విరామంలో తప్ప ముట్టుకోలేదు.

ఆ తర్వాత వారం తిరిగేసరికి ఆ ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలైంది.

"అమ్మా, పాప! నా పాపకి ఊపిరాడట్లేదు!"

ఆడమనిషి గొంతు. వెనక ఏదో మోటారు రొద, ఇంకో పిల్ల ఏడుపు.

"మీ ఇల్లెక్కడో చెప్పండమ్మా." అవతలామె చెప్పింది. మందుల షాపు పక్క సందు, మేడ మీద, టైలర్ బోర్డున్న గుమ్మం. అక్క వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తాయి. పక్క సీటు అమ్మాయి బండికి కబురందించింది. "బండి బయల్దేరిందమ్మా. నేను మీతోనే ఉంటాను. పాపకి ఎన్ని నెలలు?"

"పది... పది నెలలు."

"దగ్గుతోందా? ఏడుపు వస్తోందా?"

"ఏడుపు రావట్లేదు! నోరు తెరుస్తోంది కానీ శబ్దం రావట్లేదు! మొహం నల్లబడిపోతోందమ్మా!"

"ఏం మింగింది? చూశారా?"

"పెద్దదాని బొమ్మ, గిర్రున తిరుగుతుందే, అది! దాని మూత లేదు. ఒకవైపు మూత లేదు!"

అక్క మోకాలికి తగిలేంత దూరంలో సొరుగు ఉంది. ఆ సొరుగులో అదే బొమ్మ ఉంది. మూత వెడల్పు ఎంతో, కాడ పొడవెంతో ఆమె వేళ్లకు కొలత అక్కర్లేకుండా తెలుసు. పది నెలల పిల్ల గొంతు ఎంత సన్నగా ఉంటుందో కూడా తెలుసు.

అక్క గొంతు మాత్రం మారలేదు. "ఫోన్ స్పీకర్‌లో పెట్టి కింద పెట్టండి. నోట్లో వేలు పెట్టొద్దు, లోపలికి ఇంకా దిగిపోతుంది. మీరు కూర్చుని పాపను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టండి. తల కిందికి ఉండాలి. దవడ పట్టుకోండి, గొంతు నొక్కొద్దు. పెట్టారా?"

"పెట్టాను, పెట్టాను!"

"రెండో అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగంతో వీపు మీద, భుజాల రెక్కల మధ్య కొట్టండి. గట్టిగా. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి."

దెబ్బ చప్పుడు వినిపించింది, మెత్తగా.

"ఇంకా గట్టిగా. దెబ్బ తగులుతుందని భయపడొద్దు. రెండు. మూడు. నాలుగు. ఐదు. వచ్చిందా?"

"రాలేదు! రాలేదమ్మా!"

"వెల్లకిలా తిప్పండి. తల కిందికే ఉండాలి. రొమ్ము మధ్యన రెండు వేళ్లు పెట్టి కిందికి నొక్కండి. ఒకటి. రెండు..."

మోటారు రొద ఆగలేదు. అది కుట్టుమిషనని అక్కకు అప్పుడర్థమైంది. ఏదో బట్ట కింద పెడల్ ఇరుక్కుపోయి ఉంటుంది. "మీ పెద్దపాపను మిషన్ స్విచ్ ఆపమనండి. ఆపి, కిందికెళ్లి వీధిలో నిలబడమనండి. బండి రాగానే చెయ్యి ఊపాలి."

చిన్న పాదాలు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. మిషన్ ఆగాక ఆ గదిలో ఇంకే శబ్దమూ లేదు. ఆ నిశ్శబ్దం అక్క చెవులను గట్టిగా నొక్కినట్టయింది. పిల్ల ఏడిస్తే వినబడాల్సిన చోటు అది.

రెండోసారి ఐదు. మళ్లీ ఐదు.

"చెయ్యి వేలాడేసింది. అమ్మా, చేతులు వేలాడేసింది!"

"ఆపొద్దు. బోర్లా తిప్పండి. నేను లెక్కపెడతాను, మీరు కొట్టండి. ఒకటి."

పక్క సీటు అమ్మాయి కాగితం మీద 'నాలుగు నిమిషాలు' అని రాసి చూపించింది. అక్క చూసింది, ఆ మాట తల్లికి చెప్పలేదు. "దగ్గరికొచ్చేశారమ్మా. నాలుగు. ఐదు. తిప్పండి."

మూడో విడత మధ్యలో ఏదో వినిపించింది. మూసిన తలుపు సందులోంచి గాలి దూరినట్టు, సన్నటి ఈల.

"ఆగండి. అది పాప నుంచేనా?"

"అవును... ఈలలాగా... రొమ్ము కదులుతోంది. కొంచెం, కొంచెం కదులుతోంది!"

"గాలి వెళ్తోంది. ఇక కొట్టొద్దు. నిటారుగా ఎత్తుకోండి, కదపకండి. ఆ శబ్దం ఆగిపోతే వెంటనే చెప్పండి."

ఆ తర్వాత మూడు నిమిషాలు ఇద్దరాడవాళ్లూ ఆ ఈలను వింటూ కూర్చున్నారు. ఒకసారి ఆగింది. అక్క కుర్చీలోంచి సగం లేచింది. మళ్లీ మొదలైంది. మెట్ల మీద బరువైన అడుగులు, డ్రైవరు గొంతు, "ఇటివ్వండమ్మా, ఇటివ్వండి." లైను కట్ అయింది.

సూపర్‌వైజర్ వచ్చి ఆమె తలమీంచి హెడ్‌ఫోన్ తనే తీశాడు. "లేవండక్కా. కాసేపు బయట కూర్చోండి."

ఆమె వరండాలోకి వెళ్లి, పన్నెండేళ్లలో చెయ్యని పని చేసింది. డ్రైవరు సెల్‌కు ఫోన్ కొట్టింది.

"ఆస్పత్రికి చేర్చాం. లోపలికి తీసుకెళ్లారు. మూత ఇంకా గొంతులోనే ఉంది" అన్నాడు డ్రైవరు. కొంచెం ఆగి, "బొమ్మ నేను చూశానక్కా. మిగిలిన మూత తెల్లదే. మీ తమ్ముడిదో, రోడ్డు మీదదో నేను చెప్పలేను" అన్నాడు.

షెడ్డుకు వెళ్లేసరికి మేస్త్రి లేత్ మీద నైలాన్ కడ్డీ తిప్పుతున్నాడు. తెల్లటి పొట్టు పోగులు పోగులుగా కాళ్ల చుట్టూ పడుతోంది. ఆమె చెప్పింది. అతను మిషన్ ఆపలేదు.

"నా మూత ఊడదు" అన్నాడు.

"ఊడదనే నేనూ అనుకుంటున్నాను."

"నకలుది. జిగురుది. నా మూత పళ్లతో పీకినా రాదు."

"సరేరా."

అతను మిషన్ ఆపాడు. చేతులు తుడుచుకోకుండానే, పొద్దున్నుంచి తీసిన మూతలున్న డబ్బా ముందు కూర్చున్నాడు. మైక్రోమీటర్ తీసి ఒక్కోటీ కొలవడం మొదలుపెట్టాడు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది ఉంది. ఏడోది కొలిచాక ఇంకోసారి కొలిచాడు. దాన్ని ఖాళీ బేరింగులో సుత్తితో కొట్టబోయి, సుత్తి పక్కన పెట్టి బొటనవేలితో నొక్కాడు. వేలితోనే దిగిపోయింది. గోరు పెట్టి లాగాడు. వచ్చేసింది.



"కోసే టూల్ బిగింపు సడలి లోపలికి జరిగింది" అన్నాడు మేస్త్రి.  "ఇదివరకు ప్రతిదీ కొలిచేవాణ్ని. షాపాయన తొందరపెడుతుంటే పదింటికి ఒకటి కొలవడం మొదలుపెట్టాను. నాకు తెలుసులే, నా చెయ్యి తప్పదులే అనుకున్నాను."

"అందుకని ఆ పాప మింగింది నీదే అవ్వాలనేం లేదు."

"చూస్తే తెలుస్తుంది. కాడ మీద సన్న గాడి ఒకటి పెడతాను, కొట్టేటప్పుడు లోపలి గాలి పోవడానికి. నకలువాళ్లు పెట్టరు. వాళ్లకి జిగురుంది కదా."

ఆస్పత్రికి వెళ్లే బస్సులో అక్క అతని పక్కన కూర్చుని బయటికి చూస్తూ, ఎవరో పరాయివాళ్లతో మాట్లాడుతున్నట్టు అంది: "ముందు పాప సంగతి తెలుసుకుందాం. మిగతావి నువ్వేం మాట్లాడకు. షెడ్డు మూతపడితే నీ గతేంటి? వేలకొద్దీ నకళ్లున్నాయి రోడ్డు మీద. నువ్వు ఈరోజే ఆపేస్తావు, ఉన్నవన్నీ పారేస్తావు. చాలదా?"

అతను జేబులో మైక్రోమీటర్ ఉన్న చోటును చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రి వరండాలో ఆ తల్లిని గుర్తుపట్టడానికి ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. చీర నిండా దారపు ముక్కలు. పక్కన తొమ్మిదేళ్ల పెద్దపిల్ల చెప్పులు లేకుండా నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లు మాత్రమే మిగిలాయి. అక్క దగ్గరికి వెళ్లి, "ఎలా ఉందమ్మా పాపకి?" అంది.

ఆ ఒక్క మాటకే టైలరమ్మ చటుక్కున తలెత్తింది. మొహం తెలియదు, గొంతు తెలుసు. "మీరేనా? ఫోన్‌లో... మీరేనా?" అంటూ రెండు చేతులూ పట్టేసుకుంది. "తీసేశారట. ఊపిరి బాగానే ఉందట. ఇప్పుడే వచ్చి చెప్పారు. గొంతు వాచిందట, రెండు మూడు రోజులు ఉంచాలట. మీరు లేకపోతే నా పిల్ల..."  నుదురు తీసుకెళ్లి అక్క చేతుల మీద పెట్టి ఏడ్చేసింది.

అక్క కళ్లు కూడా నిండాయి. పన్నెండేళ్లలో మొదటిసారి ఒక ఫోన్ చివరిదాకా ఆమెకు తెలిసింది. ఆ సంతోషాన్ని ఇంకొంచెంసేపు ఉండనివ్వాలని ఆమె ప్రాణం కొట్టుకుంది.

"ఆ షాపువాణ్ని మాత్రం వదలను," అంది టైలరమ్మ ముక్కు తుడుచుకుంటూ. "గట్టి సరుకని చెప్పి అంటగట్టాడు. రేపు పోయి వాడి కాలర్ పట్టుకుంటాను. ఇదిగో, నా పిల్ల గొంతులోంచి తీసింది ఇదే." చిన్న ప్లాస్టిక్ డబ్బా చూపించింది. లోపల దూది మీద తెల్లటి మూత ఉంది.

మేస్త్రి ముందుకు వచ్చాడు. అక్క అతని మణికట్టు పట్టుకుంది, గట్టిగా. అతను ఆ చేతిని మెల్లగా విడిపించుకున్నాడు.

"ఒకసారి చూడొచ్చామ్మా?"

"నువ్వెవరు?"

అతను డబ్బా తీసుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. మైక్రోమీటర్ తీయలేదు. కాడ మీద గాడి ఉంది. డబ్బాను రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

"ఇది నేను చేసిందేనమ్మా. షాపాయన తప్పు లేదు. నాది లేత్ షెడ్డు. ఈ కాడ ఉండాల్సిన దానికంటే సన్నగా ఉంది. కొలవకుండా పంపించాను. ఈవిడ నా అక్క."

టైలరమ్మ అక్క చేతులు వదిలేసింది. విసిరికొట్టలేదు, తిట్టలేదు. వేడి గిన్నె అని ఆలస్యంగా తెలిసినట్టు వదిలేసింది. ఒకసారి ఆమె మొహంలోకి, ఒకసారి అతని మొహంలోకి చూసింది.

"తెలిసే వచ్చారా ఇద్దరూ?"

"నాకు అనుమానం ఉంది" అంది అక్క. "చెప్పొద్దని వీడికి నేనే చెప్పాను."



"నేను కుట్టిన జాకెట్టు కుట్టు ఊడితే నా దగ్గరికే తెస్తారు," అంది టైలరమ్మ మేస్త్రితో. గొంతు పెరగలేదు. "విప్పి మళ్లీ కుట్టి ఇస్తాను. నవ్వుకుంటూ వెళ్లిపోతారు. నువ్వేం చేస్తావు? ఇలాంటివి ఇంకా ఎన్ని ఇళ్లల్లో ఉన్నాయి?"

అతను తల దించుకోలేదు. "లెక్క ఉందమ్మా. ఇవాళ్టి నుంచే వెనక్కి తెస్తాను. మీరు ఫిర్యాదు రాయండి. నా పేరు, షెడ్డు అడ్రసు చెప్తాను."

ఆమె రాసింది. మూడో రోజు అధికారులు వచ్చి షెడ్డులో ఉన్న నైలాన్ కడ్డీలు, మూతలు పట్టుకుపోయారు. బొమ్మలు చేయకూడదని కాగితం అంటించారు. అప్పటికే మేస్త్రి ఊరు తిరుగుతున్నాడు. పుస్తకాల షాపు ముందు పొద్దున్నుంచి సాయంత్రందాకా నిలబడి, వచ్చినవాళ్లందరికీ చెప్పాడు: "ఇది తీసుకున్నారా? ఇచ్చెయ్యండి. మూత ఊడుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే ఇప్పుడే వెళ్లి తీసెయ్యండి." కొందరు పరుగున వెళ్లి తెచ్చారు. కొందరు, "మాది బాగానే ఉందిలే" అని నవ్వారు. ఒకాయన, నకళ్లు అమ్మేవాళ్లు నిన్ను కొనేశారా అని అడిగాడు.

డ్రైవరు తనది ఇవ్వనన్నాడు. "ఇది తీసుకెళ్తే ఒక సిగరెట్ పెట్టె కొనిపెట్టి వెళ్లు. మా ఇంట్లో పసిపిల్లలెవరూ లేరు."

"మీ ఇంటికి ఎవరూ రారా? చుట్టాలు, పక్కింటివాళ్లు?"

ఆ పాపను తల్లి చేతుల్లోంచి అందుకుంది డ్రైవరే. జేబులోంచి తీసి ఇచ్చేశాడు.

బడిలో పంతులమ్మ మిగతావన్నీ ముందే పోగుచేసి పెట్టింది. ఒక్కటి మాత్రం అడిగింది: "ఆ అమ్మాయిది వదిలెయ్యరా? ఇప్పుడిప్పుడే నోరు విప్పుతోంది." మేస్త్రి ఆ బొమ్మను తీసుకుని మూత లాగి చూశాడు. కదల్లేదు. పట్టకారుతో లాగాడు. అప్పుడూ కదల్లేదు. మొదట్లో చేసినవాటిలో ఒకటి అది. ఇచ్చెయ్యొచ్చు. చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఉన్నారా, తల్లీ?"

అమ్మాయి రెండు వేళ్లు చూపించింది.

అతను దాన్ని సంచిలో వేసుకున్నాడు. అమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు అతను ఇంకే ఇంటికీ వెళ్లలేకపోయాడు.

అక్క తనది సొరుగులోంచి తీసి ఇచ్చేటప్పుడు, "ఇది నువ్వు అన్నిటికంటే ముందు చేసింది, సుత్తితో కొట్టి బిగించిందిరా" అంది. అతను చెయ్యి చాపే ఉంచాడు. ఇచ్చింది.

నాలుగు రోజులకు పాప ఇంటికి వచ్చిందని డ్రైవరు చెప్పాడు. గొంతు కొంచెం బొంగురుపోయిందట, నెలలో సర్దుకుంటుందన్నారట. అక్క ఒకసారి ఆ మందుల షాపు సందుదాకా వెళ్లింది. మేడ మీద కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. మెట్లెక్కే ధైర్యం చాలక వెనక్కి వచ్చేసింది.

మేస్త్రి లెక్క ప్రకారం రెండు వందల పైచిలుకు గిరగిరలు దొరకలేదు. ఊళ్లు మారిపోయినవి, చేతులు మారిపోయినవి, మంచాల కింద దొర్లిపోయినవి. అతను మళ్లీ ఇరుసులు, రోలర్లకు తిరిగి వచ్చాడు. ఇప్పుడు ప్రతి ముక్కా రెండుసార్లు కొలుస్తున్నాడు. ఆలస్యమైందని ఎవరూ తిట్టుకోవడం లేదు. నకళ్లు రోడ్డు మీద ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

అక్క ఒక పని సాధించింది. కాల్ సెంటర్‌లో ప్రతి టేబుల్ మీదా ఉండే ప్రశ్నల కార్డులో ఒక వాక్యం చేర్చమని సూపర్‌వైజర్ వెంటపడింది. అతను పైవాళ్ల వెంటపడ్డాడు. పసిపిల్లలకు ఊపిరాడట్లేదని ఫోన్ వస్తే, 'ఇంట్లో గిర్రున తిరిగే బొమ్మ ఉందా? దాని మూతలు ఉన్నాయా?' అని అడగాలి.

కార్డు మారిన పదకొండో రోజు పొద్దున్నే ఫోన్ మోగింది. ఏడాదిన్నర బాబు, దగ్గలేకపోతున్నాడు. తండ్రి అరుస్తున్నాడు. అక్క అడ్రసు తీసుకుంది, బండి పంపింది, కొత్త ప్రశ్న అడిగింది. అడుగుతుంటే తన గొంతు మొదటిసారి వణకడం ఆమెకే వినిపించింది.

"బొమ్మా? బొమ్మేం లేదండీ! వేరుశనగ గింజ! గింజ నోట్లో వేసుకున్నాడు!"

హమ్మయ్య, అనుకుంది. అరక్షణం, మనసారా, హాయిగా. ఆ వెంటనే ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది. అవతల ఒక పిల్లాడికి ఊపిరాడట్లేదు, తను ఇక్కడ ఊపిరి పీల్చుకుంటోంది.

ఆమె కుర్చీని ముందుకు లాక్కుంది. "వింటున్నాను. బాబు మీ చేతుల్లోనే ఉన్నాడా? నేను చెప్పినట్టు చెయ్యండి" అంది.